వజ్రేశ్వరి నీళ్లు, సిరిసిల్ల హౌజు

నేను ఎన్నడూ చూడని ఒక నీళ్ల గుండం మీద నాకు కుళ్లు. నగల మీద కుళ్లుకునేవాళ్లను చూశాను. ఇళ్ల మీద, పక్కింటి బర్రె ఇచ్చే పాల మీద కుళ్లుకునేవాళ్లనూ చూశాను. నీళ్ల మీద కుళ్లుకున్నది మాత్రం మా వాడకట్టులో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ నీళ్లు భివండి అవతల, వజ్రేశ్వరి అనే ఊళ్లో ఉన్నాయి. పొయ్యి లేకుండా, కట్టె లేకుండా భూమిలోనే కాగి పైకొస్తాయట. ఇప్పటికీ ఎవరైనా ఆ పేరెత్తితే నా మొహం మాడుతుంది.

ఆ నీళ్ల ముచ్చట మా ఇంటికి మోసుకొచ్చింది మా యారాలు. అంటే నా తోడికోడలు, మా బావ భార్య. ఆమెది జగిత్యాల, నాది కోరుట్ల. ఇద్దరం సిరిసిల్లలో ఒకే గడపకు కోడళ్లమయ్యాం. బావ, మా ఆయన ఇద్దరూ ఒకే రంగుల కార్ఖానాలో పనిచేసేవారు. బావ రంగులు కలిపేవాడు. మా ఆయన నూలు ముంచే హౌజులు, అంటే సిమెంటు తొట్లు, చూసుకునేవాడు. అవి అన్నల కాలం, నక్సలైట్లు ఊళ్లలో తిరిగే రోజులు. ఏ ఇంట్లో ఎవరికి అన్నం పెట్టినా ఊరికి తెలిసిపోయేది, ఊరికి తెలిసింది ఠాణాకు తెలిసేది. బావ ఎవరికో మగ్గాల సందులో అన్నం పెట్టాడని పుకారు పుట్టింది. పెట్టాడో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆకలని వచ్చినవాడిని నీ పార్టీ ఏదని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. ఠాణా నుంచి పిలుపు మీద పిలుపు రావడంతో ఒకనాడు బావ బొంబాయి బస్సెక్కి భివండి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు యారాలు కూడా వెళ్లింది. బావ మళ్లీ సిరిసిల్ల మొహం చూడలేదు.

మా అత్త మాతోనే ఉండిపోయింది. ఉండిపోయిందని నేను లోలోపల సంబరపడ్డాను కూడా. ఎందుకో చెప్పాలి. నాకు తల్లి లేదు. కోరుట్లలో బీడీలు చుట్టి చుట్టి, ఆ పొగాకు దుమ్ముకు దగ్గి దగ్గి, మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు జడ వేసుకోవడం కూడా సరిగా రాదు. మా అత్తే దువ్వి, నూనె పెట్టి, జడ వేసింది. కాబట్టి ఆమె నాది. కొడుకులకు ఎంత అమ్మో నాకు తెలియదు గానీ నాకు మాత్రం ఆమె ఒక్కతే. ఒక్క బాధ మాత్రం ఉండేది. పెద్దకోడల్ని ఆమె ‘బిడ్డా’ అని పిలిచేది. నన్ను ‘ఏమే’ అనేది. వంటింట్లోంచి రోజుకెన్నిసార్లు ‘ఏమే’ వినిపించినా పలికేదాన్ని. యారాలిని ‘బిడ్డా’ అన్నప్పుడల్లా నాకు మిరపకాయ కొరికినట్టుండేది.

యారాలు భివండి వెళ్లేనాటికి నడుము వంగిపోయి, మగ్గాల దుమ్ముకు దగ్గుతూ ఉండేది. తిరిగి జగిత్యాలలో తల్లిగారింటికి వచ్చి, అక్కడినుంచి మమ్మల్ని చూడటానికి సిరిసిల్ల వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. నడుము నిటారుగా ఉంది. మొహం నునుపు తేలింది. దగ్గు లేదు. వాకిట్లో మంచం మీద అత్త పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

“ఏం జెప్పుదు అత్తా! నీళ్లు నేలలకెల్లి బుడబుడ పొంగుతయి. ఒక కుండంల గోరెచ్చగుంటయి, ఇంకోదాంట్ల బాగ గరం. మూడో దాంట్ల కాలు పెడితే తోలూసిపోతది. ఉప్పగుంటయి, గంధకం వాసనొస్తది. మెడదాంక మునిగి కూసుంటే పెయ్యి నొప్పులన్ని ఎటు పోతయో ఎటు పోతయో!”

“నిజమేనా?” అంది అత్త.

“ఒట్టు. పక్కకే రాళ్ల గుహ అసొంటిది ఉన్నది. అండ్ల ఆవిరి కమ్ముకొని మనిషికి మనిషి కనవడదు. జరసేపు కూసుంటే ఛాతిల ఉన్న కఫమంత కరుగుతది. నా దగ్గు గట్లనే పోయింది.”

మా అత్త తన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. జీవితమంతా రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు కండెలు చుట్టిన మనిషి. ఆ మోకాళ్లు బిగుసుకుపోయి, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక అవస్థ పడుతోంది. “నా మోకాళ్లు గూడ వంగుతయా బిడ్డా?” అని అడిగింది.

“ఎందుకు వంగయి? నేను తోలుకపోత గదా.”

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ పొద్దున ఆముదం వేడిచేసి ఆ మోకాళ్లకు రుద్దేది నేను. జిల్లేడాకు కాచి కట్టేది నేను. మానేరు ఒడ్డుకెళ్లి వావిలాకు తెంపి తెచ్చి, నీళ్లలో మరిగించి, దుప్పటి కప్పి ఆవిరి పట్టేది నేను. ఈవిడ బస్సు దిగి కాళ్లు కూడా కడుక్కోకుండా, ఒక్క నీళ్ల ముచ్చటతో మా అత్తను ఎత్తుకుపోతానంటుంది!

“బస్సు మెట్లెట్ల ఎక్కుతదక్కా? కాలే లేవది గదా,” అన్నాను. ఎంత మెత్తగా అన్నానో అంత విషం పెట్టి అన్నాను.

యారాలు అత్త మోకాళ్ల వైపు చూసి, “గది నిజమే చెల్లె. జర మోకాళ్లు సదురుకోనీ. మల్లొచ్చినప్పుడు తీస్కపోత,” అంది.

ఆమె వెళ్లాక ఇంట్లో రోజూ వజ్రేశ్వరి పురాణమే. నేను ఆముదం రుద్దుతుంటే అత్త, “ఆడనైతే రుద్దుడే ఉండదట,” అనేది. వావిలాకు నీళ్లు పోస్తుంటే, “గివి పోసేలోపలనే సల్లగైతయి. ఆడివి సల్లగనే గావట,” అనేది. నేను చెంబు కింద కొట్టిన రోజులున్నాయి. చివరికి నాకు పంతం వచ్చింది. వజ్రేశ్వరిని సిరిసిల్లకే తెస్తాను, ఆ మోకాళ్లు ఇక్కడే వంచుతాను, అప్పుడు ఎవరు ఎవరిని ఎక్కడికి తీసుకుపోతారో చూస్తాను అనుకున్నాను.

రంగుల కార్ఖానాకు వారానికొక రోజు సెలవు. ఆ రోజు మా ఆయన ఒక్కడే వెళ్లి, బాయిలర్‌లో మిగిలిన వేడినీళ్లతో హౌజులు తోమి కడిగేవాడు. రేకుల కప్పు కిందుగా ఉన్న గది అది. కిటికీలు లేవు, గోడ పైన చిన్న సందులు మాత్రం ఉండేవి. వేడినీళ్లు వదిలితే గదంతా ఆవిరితో తెల్లబడేది. మా ఆయన అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్లి ఎన్నోసార్లు ఆ ఆవిరిలో నిలబడ్డాను గానీ, ఇది గుహే కదా అని అంతకుముందు తోచలేదు.

అత్తను ఆ హౌజులో దింపుదామంటే ముందు మా ఆయన వినలేదు. “సేటుకు తెలిస్తే నౌకరి పోతది,” అన్నాడు.

“మీ అమ్మ మోకాళ్లు పోయినయి గదా, గది నడుస్తదా?” అన్నాను. సెలవునాడు తీసుకురమ్మన్నాడు.

సెలవునాడు మధ్యాహ్నం రిక్షా కట్టించుకుని అత్తను తీసుకువెళ్లాను. మా ఆయన కడిగి శుభ్రం చేసిన హౌజులో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి, వావిలాకు వేసి, మేమిద్దరం చెరో రెక్క పట్టి ఆమెను దింపాం. నడుము దాకా నీళ్లు. చుట్టూ ఆవిరి. అత్త కళ్లు మూసుకుంది. నాకు భయం వేసి, “ఏమయింది అత్తా?” అని కదిలించాను.

“అమ్మో! పానం లేచొచ్చింది,” అంది.

ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. ఈ మాటకు విలువ ఆ కాలంలో సిరిసిల్లలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. జీపు చప్పుడైతే లేచి కూర్చునే రోజులవి. కుక్క మొరిగితే దీపం తగ్గించే రోజులవి. బావ వెళ్లిపోయాక అత్త ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. అలాంటి మనిషి ఆవిరి పట్టి వచ్చిన రోజున గురక పెట్టి పడుకుంది. వారం వారం తీసుకువెళ్లాను. నెమ్మదిగా మోకాళ్లు వదులయ్యాయి. ముందు చెయ్యి పట్టకుండా లేచింది. తర్వాత గడప తనంతట తాను దాటింది. మా వీధి డాక్టరు చూసి, వేడినీళ్లకు కీళ్లు వదులవుతాయి, నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది, అరిగిన ఎముక మాత్రం మళ్లీ పెరగదు అన్నాడు. ఎక్కువసేపు ఉంచొద్దని, ముందూ వెనకా మంచినీళ్లు తాగించమని, గుండె దడ అనిపిస్తే వెంటనే బయటికి తియ్యమని చెప్పాడు. అవన్నీ పాటించాను. వాడకట్టు ఆడవాళ్లు మేమూ వస్తామని వెంటపడ్డారు. సేటు పేరు చెప్పి అందరినీ తప్పించాను. అసలు సంగతి, నా కుండంలోకి ఇంకొకరు దిగడం నాకు ఇష్టం లేదు.

ఇంత చేసినా అత్త నోట వజ్రేశ్వరి పోలేదు. నా హౌజులో కూర్చునే, “ఆడ ఇంతకంటె గరముంటయి కావచ్చు,” అనేది. ఇంకోసారి, “ఆడియి ఉప్పగుంటయట గదా. ఆ ఉప్పుకే నొప్పులు గుంజుతయి కావచ్చునే,” అంది. ఆ మాట పట్టుకుని వారమంతా ఉడికిపోయాను.

అంతలో జగిత్యాల నుంచి కబురొచ్చింది. యారాలు మళ్లీ వచ్చింది, మరునాడు సిరిసిల్ల వస్తుందట. అది సెలవురోజు. అత్త కాళ్లు మరునాటికి గంతులు వేయాలని నా పట్టుదల. మేం వెళ్లేసరికి మా ఆయన హౌజు ఖాళీ చేసి, “చాయ తాగొస్త, తోమేదున్నది, అందాక ఆగు,” అని బయటికి వెళ్లాడు. నేను ఆగలేదు. హౌజు నా కంటికి బాగానే ఉంది. వేడినీళ్లు వదిలాను. అత్తను దింపాను. తర్వాత మూలన ఉన్న ఉప్పు బస్తా దగ్గరకు వెళ్లి, దోసిళ్లకు దోసిళ్లు తెచ్చి నీళ్లలో పోశాను. ఇక ఉప్పదనం కూడా వజ్రేశ్వరికి తీసిపోదు.

ఆ ఉప్పు బస్తా కార్ఖానాలో ఎందుకుందో నాకు తెలియక కాదు. నూలుకు రంగు పట్టాలంటే వేడినీళ్లు కావాలి, ఉప్పు కావాలి. ఈ ముక్క సిరిసిల్లలో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది. రంగులవాడి పెళ్లాన్ని, రంగుల ఇంటి కోడల్ని. కానీ ఆ ఘడియలో నా కళ్ల ముందు యారాలి నునుపు మొహం తప్ప ఇంకేమీ లేదు. ముందురోజు ఆ హౌజులో కుంకుమ రంగు వేశారు. సిమెంటుకు పట్టి ఉన్న రంగంతా వేడికి కరిగి వచ్చింది, ఉప్పు దాన్ని పట్టించింది. ఆవిరిలో ఏమీ కనపడలేదు. మా ఆయన వచ్చి, ఇద్దరం కలిసి పైకి తీసేసరికి అత్త నడుము కింద నుంచి మడమల దాకా కుంకుమ రంగు. తెల్లచీర కూడా కుంకుమ రంగే.

“ఉప్పేసినవా? గరం నీళ్లల్ల ఉప్పేసినవానే?” అని మా ఆయన నెత్తి పట్టుకున్నాడు.

సబ్బు పెట్టాం, కిరసనాయిలు పెట్టాం. కొంచెం కూడా పోలేదు. అలాగే రిక్షా ఎక్కాం. చౌరస్తా దగ్గర పోలీసులు రిక్షా ఆపారు. అది మామూలే. కానీ ఒక కుర్ర జవాను తొంగిచూసి, తడిసి ఎర్రగా ఉన్న చీర కుచ్చెళ్లు చూసి, ఒక్కసారిగా వెనక్కి గెంతి తుపాకీ సర్దుకున్నాడు. పెద్ద పోలీసాయన పరుగున వచ్చాడు.

“ఎవరికి దెబ్బ తగిలింది? ఎవరిని దాచారు?”

ఆ రోజుల్లో ఒక్క అనుమానం చాలు. మా అత్త మాత్రం నెమ్మదిగా చీర మోకాళ్ల దాకా ఎత్తి, రెండు కాళ్లూ ముందుకు చాపింది.

“ఎవలకు తాకలే సారూ. మా చిన్నకోడలు నన్ను రంగుల అద్దింది. ముట్టి సూడుండ్రి.”

ఆయన వేలితో రుద్ది చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. చుట్టూ ఉన్న జవాన్లు నవ్వారు, ఆయన కూడా నవ్వు ఆపుకున్నాడు. పొమ్మనబోయి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. “కొడుకులెంతమంది? ఏం చేస్తారు?”

“ఒక్కడే కొడుకు సారూ. రంగుల కార్ఖానల పని,” అంది అత్త.

ఇంటి దాకా ఆమె మళ్లీ నోరు విప్పలేదు. రంగు పూసినందుకు నా మీద కోపమొచ్చిందనుకున్నాను.

మరునాడు యారాలు వచ్చి ఆ కాళ్లు చూసి, మంచం పట్టుకుని నవ్వింది. వాడకట్టంతా వచ్చి చూసి నవ్వింది. నేను భూమిలోకి కుంగిపోవాల్సింది గానీ, అంతకంటే ఘోరం జరిగింది. నవ్వడం ఆపి యారాలు, “అత్తా, ఏదీ, లెవ్వు,” అంది. అత్త లేచింది. నాలుగడుగులు వేసింది. గడప దాటింది. చెయ్యి పట్టకుండా మళ్లీ కూర్చుంది.

“మోకాళ్లు మంచిగనే వంగుతున్నయి గదా! ఇగ బస్సు మెట్లు ఎక్కుతది,” అంది యారాలు.

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. వారం వారం ఆవిరి పట్టి, నేనే నా అత్తను బొంబాయి బస్సుకు సిద్ధం చేశాను.

సిరిసిల్ల బస్టాండులో ఎక్కితే ఎవరి దగ్గరికి పోతున్నారని అడిగేవాళ్లుంటారని, కోరుట్లలో ఎక్కడానికి ఏర్పాటు చేసుకున్నారు. యారాలు జగిత్యాల నుంచి వస్తుంది. అత్తను కోరుట్ల దాకా తెచ్చి అప్పజెప్పాల్సింది నేను. నా తల్లిగారి ఊళ్లో, మా అమ్మ బీడీలు చుట్టిన అరుగుకు కూతవేటు దూరంలో, బస్సు కోసం నిలబడ్డాం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“నా నీళ్లకు మోకాళ్లు వంగినయి గదత్తా. ఇగ ఆ వజ్రేశ్వరి ఎందుకు నీకు?” అని అడిగేశాను.

అత్త నా వైపు తిరిగింది. “నీళ్లదేమున్నదే బిడ్డా, యాడనన్న కాగుతయి. ఆనాడు పోలీసాయనకు ఒక్కడే కొడుకన్న. ఆ మాట నా నోట్లకెల్లే అచ్చింది. గప్పటిసంది నాకు బువ్వ లోపలికి పోతలేదు. పెద్దోణ్ణి ఒక్కపారి ముట్టి జూసుకొని అస్త.”

బిడ్డా అంది నన్ను. ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట, సరిగ్గా ఆమెను పంపించే చోట దొరికింది. బస్సొచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మోకాలు వంచి, రెండో కాలు ఎత్తి, ఎవరి చెయ్యీ పట్టకుండా ఎక్కింది. చీర అంచు కింద మడమలు ఎర్రగా కనపడ్డాయి.

వానాకాలం వెళ్లాక తిరిగి వచ్చింది. ఆ నెలలన్నీ నేనెలా ఉన్నానో చెప్పను. హౌజు గది వైపు కూడా వెళ్లలేదు. బస్సు దిగగానే నేను మొదట చూసింది మొహం కాదు, మడమలు. కాళ్లు తెల్లబడ్డాయి. పగుళ్లలో మాత్రం ఇంకా సన్నగా ఎరుపుంది.

ఆ వారం సెలవునాడు, తోమి కడిగిన హౌజులో కూర్చుని తనే చెప్పింది. “నీ బావనే ఎత్తుకొని కుండంల దింపిండు. కాళ్లు రుద్దిండు. రుద్దుకుంట రుద్దుకుంట మడిమె పగుళ్లు జూసిండు. అమ్మా, ఇది మన కార్ఖాన కుంకుమ గదా, అన్నడు. అవు కొడుకా, చిన్నదాని పని, అన్న. నవ్వుతడనుకున్న. నవ్వలేదే. మీ యారాలు సబ్బు దెస్తే వద్దన్నడు. రెండు కాళ్లు పట్టుకొని గట్లనే కూసున్నడు. నీళ్లల్ల ఉన్నం గదా, ఏడ్సిండో లేదో నాకు తెల్వది.”

చెంబుతో ఆమె మోకాళ్ల మీద నీళ్లు పోస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ యారాలి మీద, ఆ నీళ్ల మీద పడి ఏడ్చాను. నేను కుళ్లుకోవాల్సింది ఆ గుండంలో కాళ్లు పట్టుకుని కూర్చున్న మా బావ మీద అని అప్పుడు తెలిసింది. కొడుకును కాదు నేను, కాలేను.

అత్త నీళ్లలో చెయ్యి ముంచి, నాలుకకు రాసుకుని చూసింది. “ఉప్పెయ్యలేదా బిడ్డా?”

“ఎందుకత్తా? హౌజుల ఇంకా రంగుంటే మల్ల అంటుకుంటది.”

“అంటుకోనియ్యే. మల్ల వాని దగ్గరికి పోయేటాల్లకు కాళ్లకు ఇంత రంగుండాలె గదా.”

మళ్లీ వెళుతుందన్నమాట. లేచి మూలకు వెళ్లాను. కుళ్లుకుంటూనే బస్తా మూతి విప్పి, దోసిలి నిండా ఉప్పు తీసుకున్నాను.